నల్లబండల ప్రమాణం

శంఖనగరంలో ఆ ఉదయం కొలువుకూటం కిటకిటలాడిపోయింది. ముత్యపు చిప్పలు పొదిగిన స్తంభాల మీద సముద్రపు వెలుగు అలలు అలలుగా ఆడుతోంది. పగడాలు తాపిన ద్వారబంధాలకు మొగలిపూల దండలు వేలాడుతున్నాయి. ఏడు దీవుల పెద్దలూ తమ తమ దీవి గవ్వలహారాలు వేసుకుని, మీసాలు దువ్వుకుని, ఒకరిని మించి ఒకరు ఛాతీలు విరుచుకుని కూర్చున్నారు. సింహాసనం మాత్రం ఖాళీ. దాని మీద నీలిపట్టు కప్పి ఉంది. ఎందుకంటారా, మా ఏడు దీవుల్లో రాజుగారి కడుపున పుట్టినంత మాత్రాన ఎవడూ రాజు కాలేడు. అలాంటి చవకబారు పద్ధతులు సముద్రానికి అవతల పెద్దనేల మీద కుంభగిరివాళ్ళకు ఉంటాయి, మాకు లేవు.

మా దగ్గర రాజయ్యే దారి ఒక్కటే. నడిసముద్రంలో కొమ్ముకోనాన్ని సొంత చేతులతో పట్టాలి. ముక్కు బల్లెంలా ముందుకు పొడుచుకొచ్చి, వీపున తెరచాపంత రెక్క లేచి, మనిషికి రెండింతలుండే చేప అది. మా సముద్రంలో దానిని మించిన పొగరుబోతు లేదు. గాలపుతాడు రాజు కాబోయేవాడి చేతిలోనే ఉండాలి. ఇంకొకరి చెయ్యి తాడుకు తగిలిందా, ఆ వేట చెల్లదు. పట్టిన చేపను శంఖనగరం రేవులో కోసి ఏడు దీవులకూ పంచాలి. ఆ ముక్క తిన్న దీవి ఇక ప్రాణం పోయినా ఆయన మాట జవదాటదు.

ఇప్పుడు ఆ వేట చెయ్యవలసినవాడు యువరాజు తరంగకేతు. తండ్రిగారు పోయిన వానాకాలంలో జ్వరంతో కాలం చేశారు. యువరాజు పసితనం నుంచీ పెద్దనేల మీద మేనమామల ఇంట, గురుకులంలో పెరిగాడు. కత్తి తిప్పితే గాలి రెండుగా చీలేది. ఏనుగు మీద నిలబడి బాణం వేసేవాడు. సముద్రంతో మాత్రం చుట్టపుచూపు పరిచయమే. ఆ సంగతి దీవులవాళ్ళు పైకి అనేవారు కారు గానీ, ఆయనను ‘రాజా’ అని కూడా అనేవారు కారు. ‘పెద్దనేల బాబు’ అనేవారు.

ఆ మాట ఆయన చెవిన పడుతూనే ఉండేది. పడిన ప్రతిసారీ దవడ బిగుసుకునేది.

పాత యుద్ధంలో కుంభగిరితో కుదిరిన ఒప్పందం ఒకటుంది. వైశాఖ పౌర్ణమి చంద్రుడు లేచేలోగా కొత్త రాజు తన చేపను రేవుకు తేకపోతే, సింహాసనం దిక్కులేనిదైనట్టే లెక్క. దీవులు కుంభగిరి రాజు వశమవుతాయి. అందుకే సాక్షిగా కుంభగిరి నుంచి రాయబారి మృదులభట్టు దిగబడ్డాడు. పేరుకు తగ్గట్టే మాట తేనె. కళ్ళకు దట్టంగా కాటుక. పట్టపగలు కొలువుకూటంలో కూడా తలమీద తాటాకు గొడుగు పట్టించుకునేవాడు. ఎండ పడదట పాపం! నిజానికి ఆ గొడుగు కింద ఉన్నది ఏ భట్టూ కాదు. కుంభగిరి రాజు పెంచి పోషించే మాయల మాంత్రికుడు ఘూకనేత్రుడు. గుడ్లగూబను ఉపాసించి ఉపాసించి వాడి కళ్ళు కూడా అలాగే తయారయ్యాయి. చీకట్లో చీమను పట్టగలడు గానీ పగలు మసకమసకగానే చూస్తాడు. ఈ సంగతి కొలువులో ఎవరికీ తెలియదు.

వేట ఏర్పాట్ల మీద చర్చ మొదలైంది. చర్చ అనడం మర్యాద కోసం గానీ, అది సంతలో బేరానికి ఏమాత్రం తీసిపోలేదు. పడవ మా దీవి పనసచెక్కదే కావాలని ఒకాయన పట్టుబట్టాడు. నీ పనసచెక్క దోసెలు వేసుకోవడానికి పెనం మూతగా పనికొస్తుందని ఇంకొకాయన తీసిపారేశాడు. తాడు జనపనారదా, కొబ్బరిపీచుదా అన్నచోట ఇద్దరు ముసలివాళ్ళు కొట్టుకోబోయారు. చివరికి తుమ్మబెరడు కషాయంలో నానబెట్టిన జనపనార తాడే ఖాయమైంది. ఎరకు బతికున్న కానాగంత చేపలు, వాటిని మోసుకుపోవడానికి మూతి వెడల్పు కుండలు. గాలం మాత్రం కమ్మరి దీవివాళ్ళు అప్పటికే కొట్టుకొచ్చారు. జానెడు పొడవు, పొట్టేలు కొమ్ములా వంకర. యువరాజు దానిని చేతిలోకి తీసుకుని బరువు చూసి, ఇంత గాలం మింగే నోరు ఎంతుంటుందని అడిగాడు. చూస్తావుగా బాబూ, అని కమ్మరిపెద్ద నవ్వాడు.

పడవకు సరంగు ఎవరన్నదానిలో మాత్రం పోట్లాట లేదు. గవ్వల వీరన్న. డెబ్బై ఏళ్ళు దాటినా తెడ్డు పట్టాడంటే కుర్రాళ్ళు సిగ్గుపడాల్సిందే. చుక్కాని దగ్గర ఆయన మనవరాలు వారుణి. ఆమె నోరు ఆమె చుక్కాని కన్నా గట్టిదని దీవులన్నీ ఒప్పుకున్నాయి.

అంతా అయ్యాక మృదులభట్టు గొడుగు కింద నుంచి మెత్తగా గొంతు సవరించుకుని, ఇంతకీ వేట ఏ నీళ్ళలో సాగుతుందని అడిగాడు. వీరన్న రెప్ప వాల్చకుండా, ఉత్తరాన నల్లబండల దగ్గర అని చెప్పాడు. పెద్దలందరూ తలలూపారు. కొమ్ముకోనాలు అక్కడ మందలు మందలుగా తిరుగుతాయని ఒకరు, మా తాత అక్కడే మూడు పట్టాడని ఇంకొకరు వంత పాడారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళు చెప్పిందంతా పచ్చి అబద్ధం. నల్లబండల దగ్గర ఎండ్రకాయలు తప్ప ఏమీ దొరకవు. వేట చోటు గురించి ఇంటికప్పు కింద నిజం చెప్పకపోవడం మా ఆచారం. నేల కనిపిస్తున్నంతసేపు కూడా చెప్పం. మా పూర్వీకుణ్ణి ఓడదొంగలు గోళ్ళు పీకి అడిగినా ఆయన తప్పుదారే చూపించాడు. ఆ రక్తం మాది. పుట్టిన ప్రతి దీవి బిడ్డకూ నడకతోపాటు ఈ సంగతీ వస్తుంది. ఒక్క పెద్దనేల బాబుకే రాలేదు, ఆయన నడక అక్కడ నేర్చుకున్నాడు మరి.

భట్టు చిరునవ్వు నవ్వాడు. ఎక్కడో ఎవరో పట్టిన చేపను యువరాజు చేతిలో పెట్టరని నమ్మకమేమిటని తేనె ఒలకబోస్తూ అడిగాడు. పెద్దనేలలో పెరిగిన సుకుమారులకు ఇంత శ్రమ ఎందుకని జాలి కూడా పడ్డాడు. తరంగకేతు ఒక్క ఉదుటున లేచాడు. కత్తి దూసి సింహాసనం మీది నీలిపట్టును దానితో తాకాడు. మా దగ్గర అంతకు మించిన ప్రమాణం లేదు.

“రాయబారీ, పౌర్ణమి నాడు నువ్వు నల్లబండల మీదే నిలబడి చూడు. నీ కళ్ళముందు, ఆ బండల ఎదుట, కొమ్ముకోనం నా చేతి తాడుకు ఉంటుంది. లేకపోతే ఏడు దీవులూ మీ రాజువే.”

కొలువుకూటం మొత్తం ఆముదం తాగిన ముఖం పెట్టింది. అబద్ధం ఒప్పుకుంటే రాయబారి ముందు పరువు గంగలో కలుస్తుంది. ఒప్పుకోకపోతే రాజ్యమే కలుస్తుంది. మింగలేక కక్కలేక పెద్దలందరూ ఒకరి వెనకాల ఒకరు బయటికి జారుకున్నారు. భట్టు ఒక్కడే ఆనందంగా వెళ్ళాడు. ఆ సాయంత్రమే వాడి ఓడ ఉత్తరానికి తెరచాప ఎత్తింది.

ఆ తరువాత ఏర్పాట్లు జరిగిన తీరు చూడాలి. కొత్త అల్లుడికి కూడా అన్ని మర్యాదలు జరగవు. పడవకు ఏడు దీవుల చెక్కా తలా ఒక పలక వేశారు, దాంతో తగవు తీరింది. తాడును నూరుగురు ఆడవాళ్ళు పేని, నీళ్ళలో ఆనవాలు తేలడానికి దాని చివర ఎండు సొరకాయ బుర్రలు కట్టారు. బెల్లం అచ్చులు, కొబ్బరిబొండాలు, ఎండుచేపలు, ఉప్పు కలిపిన చద్దన్నం, నీటికుండలు పడవలోకి చేరాయి. యువరాజు తాడు జారకుండా పట్టడం నేర్చుకోవడానికి రేవులో గున్న ఏనుగుకు తాడు కట్టి లాగించుకున్నాడు. చేతులు పుండ్లు పడ్డాయి, పుండ్ల మీద కాయలు కాశాయి. అది చూసి దీవులవాళ్ళకు గుండెల్లో ఎక్కడో గర్వం పుట్టింది. ఆ వెనకే దిగులు కూడా పుట్టింది. అందరూ ఎందుకిలా ముఖాలు వేలాడేశారని ఆయన అడిగితే, బయలుదేరాక చెబుతాం బాబూ, అని తప్పుకున్నారు.

పౌర్ణమి నాడు తెల్లవారుతూనే పడవ రేవు దాటింది. తరంగకేతు ఉత్తరానికి చూస్తుంటే పడవ దక్షిణానికి తిరిగింది. ఆయన మందలించాడు. వారుణి విననట్టే చుక్కాని పట్టింది. ఆఖరి దీవి కొబ్బరితల కూడా నీళ్ళలో మునిగిపోయాక వీరన్న తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, యువరాజు కాళ్ళ దగ్గర కూర్చుని, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాడు. కొమ్ముకోనాలుండేది దక్షిణాన పచ్చనీళ్ళు నీలం తిరిగే అంచులోనని, నల్లబండల దగ్గర ఎండ్రకాయలేనని, ఓడదొంగలు గోళ్ళు పీకినా నోరు విప్పని పూర్వీకుడి కాలం నుంచీ వేట చోటు దాచడం తమ ఆచారమని అన్నాడు. నా ఆచారమే నీ కొంప ముంచింది, నన్ను ఇక్కడే సముద్రంలోకి తోసెయ్యి బాబూ, అని తలవంచాడు.

యువరాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కత్తి పిడి మీదికి చెయ్యి పోయింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. గోళ్ళు పీకినా నిజం చెప్పని మనిషి వారసుడు తన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. ఇలాంటి మనుషులకు రాజు కావాలని తనకుంది. ఆ కోరిక అంత గట్టిగా ఉందని ఆయనకు ఆ క్షణం దాకా తెలియదు.

“సరంగు తాతా, మీ మాటా అబద్ధం కాకూడదు, నా ప్రమాణమూ అబద్ధం కాకూడదు. చేపను దక్షిణాన పట్టి ఉత్తరానికి తీసుకుపోదాం,” అన్నాడు.

వీరన్న నోరు వెళ్ళబెట్టాడు. తాడుకు పడ్డ కొమ్ముకోనం మనం చెప్పిన దిక్కుకు వస్తుందా అని గొణిగాడు. వారుణి మాత్రం చుక్కాని మీద చెయ్యి చరిచి నవ్వింది. ఆ చేప చప్పుడుకు బెదిరి పక్కకు తప్పుకుంటుంది. మూడు వైపులా పడవలు నిలిపి తెడ్లతో నీళ్ళు బాదితే నాలుగోవైపుకే పోతుంది. కావలసినవి పడవలు, అంతే కదా అంది. నడుముకున్న శంఖం తీసి ఊదింది. అప్పుడు చూడాలి! వెనకాల దిగంతం అంచున చుక్కలు చుక్కలుగా తెరచాపలు లేచాయి. ఏడు దీవుల పడవలూ రేవు నుంచే వీళ్ళ వెనక వస్తున్నాయి. అబద్ధం అందరూ ఆడారు గనుక దాని బరువూ అందరం మోస్తామని పిలవకుండానే బయలుదేరిన జనం. అదీ మా దీవుల పరువంటే!

పచ్చనీళ్ళు నీలం తిరిగే అంచులో కానాగంతను గాలానికి గుచ్చి వదిలారు. ఎంతోసేపు కాలేదు. నీళ్ళు పగిలాయి. వెండిబల్లెం లాంటి ముక్కు, దాని వెనక నీలిరెక్క, ఆ వెనక ఎండలో ధగధగలాడే మహాశరీరం గాలిలోకి లేచి, ఒక్కసారి వంపు తిరిగి దబ్బున పడింది. తాడు యువరాజు అరచేతుల్లోంచి పొగలు కక్కుతూ జారిపోయింది. ఆయన కాళ్ళు అడ్డుపలకకు తన్నిపెట్టి, తాడును ముంజేతికి మెలివేసి నిలబడ్డాడు. పడవ విల్లు విడిచిన బాణంలా ముందుకు దూకింది. కుండలు దొర్లిపోయాయి. నిలబడ్డవాళ్ళందరూ కూలబడ్డారు. ఆయన ఒక్కడే పడలేదు.

పడవలు మూడు పక్కలా కమ్ముకుని తెడ్లతో నీళ్ళు బాదాయి. చేప తూర్పుకు మళ్ళబోయింది, అక్కడ చప్పుడు. పడమటికి తిరిగింది, అక్కడా చప్పుడు. చివరికి విసుగెత్తి ముక్కును ఉత్తరానికి పెట్టింది. ఆ పరుగు ఏం పరుగు! దీవులన్నీ ఒకదాని వెంట ఒకటి పక్కనుంచి వెనక్కి పోయాయి. ఒడ్డుల మీద జనం కేరింతలు కొట్టారు. నెత్తురు వాసనకు పెద్ద సొరచేప ఒకటి వచ్చి చేప పక్కన నోరు తెరిచింది. వారుణి చుక్కానిని మోకాలితో అదిమిపట్టి, చేతిలోని ఈటె విసిరింది. సొర ఆ ఈటెతో సహా లోతుకు పోయింది. మంచి ఈటె పోయిందని ఆమె చాలాసేపు తిట్టుకుంది.

మధ్యాహ్నం వాలాక ఎదురుగా, లేనిచోట ఒక దీవి లేచింది. పచ్చటి కొబ్బరితోపులు, తెల్లటి ఇసుక, ఇసుకలో మొనదేలిన రాళ్ళు. చేప తిన్నగా దానివైపే పోతోంది. తెడ్లవాళ్ళు హడలిపోయి తాడు వదిలెయ్యమని మొత్తుకున్నారు. వీరన్న చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తోపుల మీద ఒక్క పక్షి ఎగరడం లేదు. పక్షిలేని దీవి దీవే కాదని, అది ఎవడో పరిచిన మాయ అని తేల్చి, తిన్నగా పోనిమ్మన్నాడు. వారుణి కళ్ళు మూసుకుని పోనిచ్చింది. పడవ కొబ్బరిచెట్లలోంచి, ఇసుకలోంచి, రాళ్ళలోంచి పొగలోంచి పోయినట్టు పోయింది. ఒంటికి చెమ్మ తగిలింది, అంతే.

సూర్యుడు పడమటికి జారుతుండగా నల్లబండలు కనిపించాయి. నీళ్ళలోంచి లేచిన కాలిన దుంగల్లాంటి రాళ్ళు. వాటిలో ఎత్తైనదాని మీద మృదులభట్టు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. తన మాయదీవిని చీల్చుకుని వచ్చిన పడవను చూసేసరికి వాడి తేనె ఇంకిపోయింది. గొడుగు విసిరికొట్టాడు. చెమటకు కాటుక చెరిగిపోయి, గుండ్రటి పచ్చకళ్ళు రెప్ప లేకుండా బయటపడ్డాయి. కథలుగా విన్న ఆ కళ్ళను పోల్చుకుని, ఘూకనేత్రుడు అంటూ వీరన్న అరిచాడు. మాంత్రికుడు కాళ్ళకింది నీళ్ళలోకి పిడికెడు బూడిద చల్లాడు. బండల ముందు సముద్రం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ఊరంత సుడిగుండం నోరు తెరిచింది.

చేప దానిలోకే దిగింది. తాడు నిలువుగా లోపలికి బిగుసుకుంది. పడవ ముక్కు వంగి నీళ్ళు తాగింది.

మాంత్రికుడు పైనుంచి అరిచాడు. తాడు వదిలేస్తే పడవను పోనిస్తానన్నాడు. పట్టుకుంటే చేపతోపాటు పడవలోవాళ్ళంతా పాతాళానికే అన్నాడు. తరంగకేతు వెనక్కి చూశాడు. వీరన్న ఉన్నాడు, వారుణి ఉంది, తెడ్ల దగ్గర ఏడు దీవుల మనుషులున్నారు. ఒక్కరు కూడా వదలమని అనలేదు. వాళ్ళు అనరని ఆయనకు తెలుసు. అందుకే వాళ్ళను ముంచడానికి మనసు ఒప్పలేదు. దీవులను వదులుకోవడానికీ ఒప్పలేదు.

“వారుణీ, పడవను వెనక్కి తిప్పుకో. తాడు నాది,” అన్నాడు.

ఆమెకు అర్థమయ్యేలోపే ఆయన తాడును నడుముకు మెలివేసి, అడ్డుపలక మీద కాలుపెట్టి సుడిలోకి దూకేశాడు. బరువు పోయిన పడవ ముక్కు గుప్పున పైకి లేచింది. తెడ్లవాళ్ళు ప్రాణాలు బిగబట్టి వెనక్కి లాగారు. నీళ్ళు ఆయన మీద మూసుకుపోయాయి. తాడు చివర కట్టిన సొరబుర్రలు ఒకదాని వెనక ఒకటి పలకల మీద దొర్లుకుంటూ పోయి, గిర్రున తిరిగి, అవీ మునిగిపోయాయి.

వీరన్న నెత్తి బాదుకున్నాడు. పడవలన్నిటి మీదా తెడ్లు ఆగిపోయాయి. బండ మీద మాంత్రికుడు చేతులు చాచి పకపకా నవ్వాడు. మీ పెద్దనేల బాబు మునిగాడు, దీవులు మావయ్యాయి, ఇక ఇళ్ళకు పోయి ఏడవండి అన్నాడు.

వారుణి వాడివైపు చూడలేదు. చెయ్యి అడ్డంపెట్టుకుని సుడికి అవతల, పడమటి వెలుగులో తళతళలాడుతున్న నీళ్ళవైపు చూస్తోంది. అక్కడ ఒక సొరబుర్ర పైకి తేలింది. దాని వెనక రెండోది. దాని వెనక మూడోది. సుడి తిరిగే దిక్కుకు కాదు, దానికి ఎదురుగా, నీళ్ళను చీల్చుకుంటూ అవి దక్షిణానికి పరుగు తీస్తున్నాయి. శంఖనగరం రేవు ఉన్నది అటే. తాడు మనిషి బరువు మోస్తున్నట్టు బిగువుగా ఉంది. దాని ఒక కొసన చేప ఉంది. దానిని నడుముకు చుట్టుకున్నవాడూ ఉన్నాడు.

ఆమె గొంతు ఏడు దీవుల పడవలకూ వినిపించింది.

“ఒరే గుడ్లగూబా! కొమ్ముకోనం నల్లబండలకు వచ్చింది, నీ కళ్ళతో చూశావు. చంద్రుడు ఇంకా లేవలేదు. మా రాజు తాడు వదల్లేదు.”

ఆ మాటతో పడవల్లో ప్రతి మనిషీ లేచి నిలబడ్డాడు. రాజు అని అప్పటిదాకా ఎవరూ అనలేదు. వీరన్న కళ్ళు తుడుచుకుని తెడ్డు అందుకున్నాడు. ఏడు దీవుల పడవలూ ఒక్కసారిగా తలతిప్పి, పరుగెత్తే ఆ సొరబుర్రల వెంట దక్షిణానికి సాగాయి.